వెనక బెంచీలో అయిదో అమ్మాయి

స్కిప్టన్
1987 మార్చి 3

బెరిల్ అక్కకి,

ఫోన్ చేశావట, మీ మరిది లెస్లీ చెప్పాడు. మళ్ళీ చేయకు. చెవికి కొత్త మిషను పెట్టారు. దాంట్లో పక్కింటివాళ్ళ కెటిల్ కూత వినపడుతుంది, వీధి చివర కుక్క ఆవలింత వినపడుతుంది, ఫోన్‌లో మనిషి మాట మాత్రం వినపడదు. చిన్నప్పుడు ఊపిరితిత్తులకి పొడిచిన సూదిమందులు ప్రాణం నిలబెట్టి చెవులు పట్టుకుపోయాయి. కాబట్టి ఏదైనా ఉంటే ఉత్తరం రాయి.

అసలు విషయానికొస్తాను. ఇక్కడ మూతపడ్డ పాత సినిమా హాలుని కమిటీవాళ్ళు బాగుచేయించారు. మే 16న తెరుస్తున్నారు. మొదటి ఆట ఏం వేద్దామని నెల రోజులు కొట్టుకుని, చివరికి ఏం తేల్చారో తెలుసా? చిన్నప్పుడు మనం వేసిన సినిమా! ‘థార్న్‌బీ హాల్లో తిరుగుబాటు’! మా కొట్టుకి ఉన్ని కొనడానికొచ్చిన కమిటీ సెక్రెటరీ నన్ను ఎగాదిగా చూసి, “హెడ్మిస్ట్రెస్ టోపీలో కప్పను పెట్టిన బుడ్డది మీరేనటగా!” అంది. నలభై నాలుగేళ్ళొచ్చినా నేనింకా బుడ్డదాన్నే.

ఇక ఆ సినిమాలో వెనకబెంచీ అమ్మాయిలు అయిదుగురినీ ఒకచోట చేర్చే పని నా నెత్తిన పడింది. మనిద్దరం ఉన్నాం. సింథియా, పాలీన్‌ల చిరునామాలు నీ దగ్గర ఉంటాయి. పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. హెడ్మిస్ట్రెస్ వేసినావిడ పోయి పదేళ్ళు. సైన్సు మాస్టారు వేసినాయన ఆఖరిదాకా టీవీలో గ్రేవీ పొడి ప్రకటనల్లో చెంచా నాకుతూ కనిపించాడు, పాపం.

ఇక మిగిలింది ఓల్వెన్. ఆమె లేకుండా ఆ సినిమా ఏముంది? దేశమంతా నవ్వింది ఆమెను చూసే కదా. ఉత్తరాలైతే రాస్తుంది గానీ పైన చిరునామా రాయదు, ఇవ్వనిది అడగడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను. వాళ్ళమ్మ ప్రోథెరో గారు బార్మత్‌లోనే ఉన్నారా? నీకేమైనా తెలుసా?

సిరిల్ బావగారి టమాటాలు మొలకెత్తాయా?

నీ చెల్లి,
థెల్మా


క్రోమర్
1987 మార్చి 11

థెల్మా,

టమాటాలు మొలకెత్తాయి. వాటితో మీ బావ మాట్లాడుతున్నాడు, నాతోనే తక్కువ. నాలుగు రోజులుగా సముద్రం మీంచి పొగమంచు దిగి ఇంటి ముందు గేటు కూడా కనపడడం లేదు.

చిరునామాలు కింద రాస్తున్నాను. సింథియా ఇప్పుడు ష్రూస్‌బరీలో మేజిస్ట్రేటు. సినిమాలో కేకు దొంగిలించిన పిల్ల ఇప్పుడు దొంగలకి శిక్షలు వేస్తోంది. ఒకడు బోనులో నిలబడి, “అమ్మగారూ, మిమ్మల్ని ఎక్కడో చూశాను,” అన్నాడట. “చూసి ఉండవు,” అని ఆరు వారాలు వేసింది. పాలీన్ హల్‌లో బస్సు నడుపుతోంది. క్లాస్ లీడర్‌గా ఎలా అరిచేదో ఇప్పుడు ప్రయాణికుల మీద అలాగే అరుస్తుందట. ఇద్దరూ వస్తారు, రాసి చూడు.

ఓల్వెన్‌ని మాత్రం వదిలెయ్. ఆమె రాదు. ఆ తల్లి కూడా పెద్దదైపోయింది, ఆవిడ్ని కదపకు. ఇంతకంటే రాయలేను, నా మాట విను.

వెన్నునొప్పికి నువ్వు పంపిన ఉన్ని పట్టీ బాగా పనిచేస్తోంది.

ఉంటాను,
బెరిల్


స్కిప్టన్
1987 మార్చి 20

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. “ఇంతకంటే రాయలేను” అంటే ఏమిటి? రాయలేవా, రాయవా?

నేనే రాస్తాను, ఏమీ అనుకోకు. ఓల్వెన్ వేసిన వేషం మొదట నీకిచ్చారు. వారం రోజులు నువ్వే చేశావు కూడా. తర్వాత వేల్స్ నుంచి ఆ ఎర్రజుట్టు పిల్ల వచ్చి రెండు మాటలనగానే కెమెరా పట్టుకున్నాయనతో సహా అందరూ పగలబడి నవ్వారు. డైరెక్టరు నిన్ను అదే బెంచీలో ఓ పక్కకి జరిపాడు. నాకు గుర్తుంది. అప్పట్నుంచి ఆమె పేరెత్తితే నీ ముఖం మారిపోతుంది. నా పెళ్ళిలో ఆమె పంపిన ఉత్తరం అందరికీ చదివి వినిపిస్తుంటే నువ్వు లేచి బయటికి వెళ్ళిపోయావు. అందుకే తర్వాత ఎప్పుడూ ఆమె సంగతి నీ దగ్గర ఎత్తలేదు. ముప్ఫై మూడేళ్ళు ఒకే పగ మోస్తే బరువనిపించదా?

నేను క్షయతో శానటోరియంలో పడుకుని ఉన్న ఏడాదంతా, కిటికీలు తెరిచిన ఆ చలి వరండాలో, నన్ను బతికించింది ఓల్వెన్ ఉత్తరాలు. అమ్మ నెలకోసారి వచ్చేది. నువ్వు పరీక్షలని రాలేదు. ఆమె మాత్రం వారం తప్పకుండా రాసింది. పక్క మంచం పిల్ల చచ్చిపోయిన రోజున కూడా ఆమె ఉత్తరం చదివి దుప్పట్లో నవ్వాను. అది నేను మరిచిపోలేను.

సింథియా వస్తానంది. ఓల్వెన్ గురించి అడిగితే ఒక్క ముక్క రాయలేదు. పాలీన్ రాసింది చూడు: “ఓల్వెన్ నీకు ఉత్తరాలు రాస్తుందా? ఏ ఓల్వెన్, థెల్మా?” ఎగతాళి చేస్తోందో, మతి పోయిందో తెలియడం లేదు.

ఈస్టర్ వారంలో కొట్టు మూసి బార్మత్ వెళ్తాను. వాళ్ళమ్మనే అడుగుతాను. ఇదేదో నీ అనుమతి కోసం రాయడం లేదు.

కోపంగా ఉన్నా నీ చెల్లినే,
థెల్మా


క్రోమర్
1987 ఏప్రిల్ 13

థెల్మా,

మీ బావకి హెర్నియా ఆపరేషన్ అయింది. మూడు వారాలు ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంతోనే సరిపోయింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నాలుగుసార్లు కూర్చుని నాలుగుసార్లు చింపాను.

బార్మత్ వెళ్ళకు. శనివారం రైల్లో నేనే నీ దగ్గరికి వస్తున్నాను. నీకు ఒక మాట ఎదురుగా కూర్చుని చెప్పాలి. వేషం గురించి కాదు, ఆ వేషం సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. నేను వచ్చేదాకా ఎవరింటికీ వెళ్ళకు, ఎవర్నీ ఏమీ అడగకు. ఒట్టు.

అక్క


బార్మత్
1987 ఏప్రిల్ 16

అక్కా,

మంగళవారమే బయల్దేరి వచ్చేశాను. ఈ ఉత్తరం సముద్రం ఒడ్డున ఒక టీ కొట్టులో కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నం మూడైంది, ఎండ బాగా కాస్తోంది, పిల్లలు గాడిదల మీద ఎక్కి తిరుగుతున్నారు. అక్షరాలు వంకరగా ఉంటే నవ్వకు.

ప్రోథెరో గారి ఇల్లు తేలిగ్గానే దొరికింది. కొండవాలు మీద, నల్ల పలకల కప్పు. తలుపు తీసింది ఆవిడే. ఎనభై దగ్గర ఉంటాయి. నా పేరు చెప్పకముందే, “చిన్నదానివి కదూ! కప్పపిల్లవి! లోపలికి రా తల్లీ, గాలి కొడుతోంది,” అంది. మిషను వేలితో సర్దుకున్నాను గానీ ఆవిడ మాట దాని అవసరం లేకుండానే వినపడింది. టీ పెట్టింది, పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష రొట్టెలు పెట్టింది. గోడ మీద మన అయిదుగురి ఫోటో ఉంది.

“ఓల్వెన్ ఇప్పుడెక్కడుందమ్మా?” అని అడిగాను.

ఆవిడ టీ కూజా బల్ల మీద పెట్టేసింది. “నీకెవరూ చెప్పలేదా?” అంది.

“ఏమిటి?”

“మీ అమ్మ చెప్పొద్దంది, నిజమే. కానీ అది నువ్వు మంచంలో ఉన్నప్పటి మాట. తర్వాత కూడా ఎవరూ చెప్పలేదా? ఇంతకాలమా?”

అక్కా, ఓల్వెన్ చచ్చిపోయింది. 1956 ఫిబ్రవరిలో. మెదడువాపు జ్వరం, నాలుగు రోజుల్లో అయిపోయిందట. పదిహేనేళ్ళు. నేను అప్పటికి శానటోరియంలో చేరి నెల రోజులు. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని చర్చి వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. రాతి మీద పేరుంది, తారీఖుంది. వేలితో తడిమి చూశాను.

“మరి నాకు ఉత్తరాలు వస్తున్నాయి కదమ్మా,” అన్నాను. చేతిసంచిలో రెండు తెచ్చాను, ఓల్వెన్ గుర్తుపట్టి నవ్వుతుందని. ఒకటి శానటోరియం నాటిది. ఒకటి పోయిన నవంబరులో వచ్చింది. మళ్ళీ ఇంట్లోకి వచ్చి బల్ల మీద పెట్టాను.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మొదటిది చూసింది. “ఇది మా పిల్ల రాత కాదు,” అంది వెంటనే. “దానిది ఎడమచేతి వాటం. బళ్ళో ఎన్ని దెబ్బలు తిన్నా మార్చుకోలేదు. ఇది కుడిచేత్తో రాసి, ఎడమవైపుకి వంచారు.”

తర్వాత రెండోది విప్పింది. చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. కళ్ళద్దాలు తీసి గౌనుతో తుడిచి పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం మీదుగా వేలు పోనిచ్చింది.

“ఇది నా దగ్గర ఉంచుకోనా, తల్లీ?” అని అడిగింది.

“ఎవరు రాశారమ్మా ఇది?” అన్నాను.

ఆవిడ నా బుగ్గ మీద చెయ్యి వేసి, “టీ చల్లారిపోతోంది,” అంది. పెద్దదైపోయింది, తికమక పడి ఉంటుంది. ఉత్తరం ఇచ్చేసి వచ్చాను.

నువ్వు నాకు చెప్పొద్దనుకున్నది ఇదేనా? నీకు తెలుసా? తెలిస్తే నాతో ఇన్నేళ్ళు ఈ ఆట ఆడింది ఎవరో కూడా తెలిసుండాలి.

థెల్మా


క్రోమర్
1987 ఏప్రిల్ 21

చెల్లీ,

శనివారం నీ ఇంటికి వచ్చాను. నువ్వు ఇంకా తిరిగి రాలేదు. లెస్లీ టీ ఇచ్చాడు. హాల్లో నా ఉత్తరం విప్పకుండా పడి ఉంది. సాయంత్రం రైలుకి తిరిగొచ్చేశాను. నిన్ను ఎదుర్కోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

రాసింది నేనే.

ఆ ఫిబ్రవరిలో ప్రోథెరో గారు అమ్మకి రెండు వాక్యాల ఉత్తరం రాశారు. నీకప్పుడు రోజూ జ్వరం. నువ్వేమో ప్రతి ఉత్తరంలోనూ “ఓల్వెన్ ఎందుకు రాయలేదు?” అని అడుగుతున్నావు. పిల్లకి ఏ చిన్న దిగులూ కలగనీయొద్దని డాక్టరు అమ్మకి గట్టిగా చెప్పాడు. అమ్మ వంటింట్లో నన్ను కూర్చోబెట్టి, నా ముందు కాగితం పెట్టి, “నువ్వు రాయి బెరిల్. ఆ పిల్ల ఎలా మాట్లాడేదో నీకే బాగా తెలుసు. నీ వేషం తీసుకుంది కదా, ఇప్పుడు దాని వేషం నువ్వు వెయ్యి,” అంది. అమ్మ క్రూరంగా అనలేదు, ఏడుస్తూ అంది. నాకు పదహారేళ్ళు.

నేను పరీక్షలని రాలేదనుకున్నావు. వస్తే నా ముఖం చూసి కనిపెట్టేస్తావని రాలేదు. సింథియాకీ పాలీన్‌కీ అమ్మ చెప్పింది, నీ ముందు నోరెత్తొద్దని. వాళ్ళు ఆ మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నారు.

నీకు తగ్గాక ఆపేయాలనుకున్నాను. కానీ ఎలా ఆపాలి? చచ్చిపోయిందని రాస్తే ఎప్పుడు అంటావు. ఒక అబద్ధం చెప్పిన చోటే ఇంకోటి చెప్పాల్సొచ్చింది. ఓల్వెన్‌ని బడి దాటించాను, ఉద్యోగంలో పెట్టాను. నువ్వు ఆమెకి రాసిన జవాబులు పోస్టులో వేస్తానని అమ్మ తీసుకుని నాకిచ్చేది. రాత్రుళ్ళు కాదు, పట్టపగలే, నేను పనిచేసే డెంటిస్టు గారి రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చుని రాసేదాన్ని. ఒక్కోసారి నేను అనుకోని మాట కలంలోంచి వచ్చేది, నాకే నవ్వొచ్చేది. అప్పుడు కలం కింద పెట్టి కాసేపు ఇటు అటు నడిచేదాన్ని.

చివరికి 1964లో నీ పెళ్ళికి ఆఖరిది రాశాను. దూరదేశం వెళ్తున్నాను, ఇక రాయను, సుఖంగా ఉండు అని. నువ్వు అది అందరి ముందూ చదువుతుంటే అక్కడ కూర్చోలేకపోయాను. అసూయతో కాదు. నా చేత్తో ఆమెను రెండోసారి పాతిపెట్టినట్టనిపించింది.

నన్ను క్షమించమని అడగను. ఒక్క మాట మాత్రం అడుగుతాను. పోయిన నవంబరులో వచ్చిన ఉత్తరం అని రాశావు. ఏ ఉత్తరం? మార్చిలో “ఉత్తరాలైతే రాస్తుంది” అని నువ్వు రాస్తే పాతవాటి సంగతే అనుకున్నాను. ఆ పెళ్ళి ఉత్తరం తర్వాత నేను ఒక్క అక్షరం కూడా రాయలేదు, థెల్మా. ఇరవై మూడేళ్ళుగా రాయలేదు.

నీ అక్క


స్కిప్టన్
1987 మే 2

అక్కా,

పది రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఉన్ని ఉండలు విసిరికొట్టాను, లెస్లీ ఏరుకున్నాడు. తర్వాత పదహారేళ్ళ పిల్ల వంటింట్లో కూర్చుని రాయడం కళ్ళ ముందు కనిపించింది. కోపం ఎక్కడికో పోయింది. ఆ వరండాలో నన్ను నవ్వించింది నువ్వన్నమాట. అది నువ్వు నాకు ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు నీ ప్రశ్న.

నిన్న మధ్యాహ్నం బీరువాలోంచి అన్నీ తీసి మంచం మీద పరిచాను. 1956 నుంచి 1964 దాకా నూట ఎనభై రెండు. తర్వాతవి ఇరవై ఒకటి, ఏడాదికి ఒకటి, నవంబరులో. దూరదేశం అన్నా స్టాంపు మాత్రం మన దేశానిదే. పోస్టు ముద్ర ఎప్పుడూ తడిసి అలుక్కుపోయి ఉంటుంది, ఏ ఊరో చదవలేం. మనసు మార్చుకుని మళ్ళీ రాస్తోంది, మంచిదే అనుకున్నాను. ఇన్నాళ్ళూ రెండు రాతలూ ఒకటే అనుకున్నాను. పక్కపక్కన పెడితే చిన్నపిల్లయినా చెబుతుంది, ఒకటి కావు. నీ రాత ఎడమకి వాలింది. అవి ఎడమచేత్తో రాసినవి. ప్రతి వాక్యం చివరా సిరా కొద్దిగా చెరిగి ఉంది, చెయ్యి దాని మీదుగా వెళ్ళినట్టు.

లెక్కకి ఇరవై రెండుండాలి, ఒకటి ఆ తల్లి దగ్గర ఉంది.

1969 నాటిది నీకు చెప్పాలి. ఆ ఏడాది నాకు ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, లెస్లీకీ డాక్టరుకీ తప్ప. నువ్వప్పుడు నీ రెండోవాడి ఒళ్ళు వెచ్చబడిందని కంగారులో ఉన్నావు. తర్వాత ఎప్పటికీ చెప్పలేకపోయాను. ఆ నవంబరు ఉత్తరంలో నాలుగే వాక్యాలున్నాయి. “పాప ఇక్కడ బాగుంది. జుట్టు నీదే, మొండితనం కూడా నీదే. నేను నవ్విస్తున్నాను, నువ్వు దిగులు పడకు. కప్పలంటే దానికి భయం లేదు.”

లెస్లీ చెప్పి ఉంటాడనుకున్నాను. ఎవరికో, ఎలాగో. పద్దెనిమిదేళ్ళు అలాగే అనుకున్నాను. నిన్న అడిగాను. అతను కాగితం చదివి, తను ఎవరికీ చెప్పలేదంటూ మంచం అంచున కూర్చుండిపోయాడు.

భయపడుతున్నానా అని నువ్వు అడగకముందే చెబుతున్నాను. మొదట భయపడ్డాను. బీరువా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టాను. తర్వాత ఆ కుర్చీ చూసి నాకే సిగ్గేసింది.

సినిమాకి రా. నా పక్కనే కూర్చో.

థెల్మా


క్రోమర్
1987 మే 27

చెల్లీ,

ఇంటికి చేరాను. మీ బావ టమాటాలు నా భుజం ఎత్తుకొచ్చాయి. సింథియా నిన్న ఫోన్ చేసింది. హాలు బయట నువ్వు ఆమెనీ పాలీన్‌నీ పట్టుకుని, “నాకు తెలిసింది, ఇక మీరు మాట్లాడొచ్చు,” అన్నప్పుడు ఆ ఇద్దరూ ఏడ్చిన ఏడుపు గురించి మళ్ళీ చెప్పి మళ్ళీ ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళు మాట దాచడం మేజిస్ట్రేటుకైనా కష్టమేనట.

నీకు అక్కడ చెప్పనిది ఒకటుంది. దీపాలు ఆర్పగానే నువ్వు చెవి మిషను తీసి ఒళ్ళో పెట్టుకున్నావు. గోల భరించలేనన్నావు. తెర వైపు కూడా సరిగా చూడలేదు, కళ్ళు మూసుకునే కూర్చున్నావు. అయినా ఓల్వెన్ మాట్లాడిన ప్రతిచోటా హాలంతా నవ్వడానికి ఒక్క క్షణం ముందు నువ్వు నవ్వావు. ప్రతిసారీ. పాలీన్ కూడా గమనించి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డైలాగులు నీకు కంఠతా వచ్చని ఆమెతో అన్నాను. వచ్చా?

ఇక అసలు సంగతి. ఇంటికొచ్చేసరికి వీధి తలుపు దగ్గర చాప మీద ఒక కవరు పడి ఉంది. పోస్టు ముద్ర అలుక్కుపోయింది. నా పేరు మీద. ఇన్నేళ్ళలో నాకొచ్చిన మొదటిది. రెండు రోజులు రొట్టెల డబ్బా మీద పెట్టి చుట్టూ తిరిగాను. ఇవాళ పొద్దున మీ బావ టమాటాల గాజుటింట్లో ఉండగా విప్పాను. మొత్తం ఎత్తి రాస్తున్నాను:

“బెరిల్, నువ్వు నా పేరున రాసినవన్నీ చదివాను. బాగా రాశావు, నాకంటే బాగా. కానీ నేను పియానో నేర్చుకుంటున్నానని ఎందుకు రాశావు? నాకు పియానో అంటే పరమ చిరాకు. అది తప్ప మిగతాదంతా అలాగే ఉండనీ. అంత పొడుగు జీవితం నాకెవరిచ్చారు, నువ్వు తప్ప?”

వంటింట్లో నిలబడి పెద్దగా నవ్వేశాను. నవ్వి నవ్వి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పియానో సంగతి రాసింది నాకు గుర్తే లేదు. నువ్వు వెతికి చూడు.

నాకు జవాబు రాయాలనుంది. సంజాయిషీ చెప్పాలి. కవరు మీద చిరునామా లేదు, ఊరి పేరైనా లేదు. నువ్వు ఇన్నేళ్ళూ ఏం చేశావు?

నీ అక్క


స్కిప్టన్
1987 మే 30

అక్కా,

పియానో సంగతి ఉంది. 1958 అక్టోబరు ఉత్తరం, రెండో పేజీ.

డైలాగులు నాకు కంఠతా రావు.

జవాబు సంగతి. పెళ్ళయ్యాక కూడా నేను ప్రతి ఏడాదీ రాశాను. బార్మత్‌కి పంపితే కూతురు ఎక్కడుందో చెప్పమని వాళ్ళమ్మని ఇబ్బంది పెట్టినట్టవుతుందని ఊరి పేరు వేసేదాన్ని కాదు. కవరు మీద ‘ఓల్వెన్ ప్రోథెరో’ అని మాత్రం రాసి, వెనక నా చిరునామా రాసి, మా వీధి చివర ఎర్ర పోస్టుడబ్బాలో వేసేదాన్ని. చిరునామా సరిగా లేని ఉత్తరాలు పోస్టాఫీసువాళ్ళు వెనక్కి పంపించేస్తారు. లెస్లీ స్నేహితుడికి రాసినవి రెండు అలాగే వచ్చాయి.

నావి ఇరవై రెండు వేశాను, అక్కా. ఒక్కటీ తిరిగి రాలేదు.

థెల్మా